‘మాల్ వచ్చిందా?’: ఒక రాత్రి తనిఖీ, ఒక పెట్టీ కేసు

“పోలీసులు ఊరికే ఆపి అడగొచ్చా సార్?” అని నా దగ్గరి జూనియర్ వకీళ్లు అడుగుతుంటారు. చుట్టాల పెళ్లికి వెళ్లినా ఇదే ప్రశ్న. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు గనక, అడిగిన వాళ్లందరికీ ఈ కేసే చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాసిపెడుతున్నాను. క్లయింటు సరేనన్నాకే రాస్తున్నది. మనుషుల పేర్లు, పేట, స్టేషను, కేసు నంబరు ఉండవు. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

జరిగింది

2024 నవంబర్, హైదరాబాద్‌లో ఒక శనివారం రాత్రి. కుర్రాడికి 22 ఏళ్లు. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఆటో తోలుతాడు. కుర్రాడు సెల్‌ఫోన్ సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తాడు. కవర్లు, చార్జర్లు, టెంపర్డ్ గ్లాసులు చిన్న షాపులకు వేసి రావడం, డబ్బు వసూలు చేయడం అతని డ్యూటీ. ఆ రాత్రి పని ముగించుకుని ఇంటి దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాడు. బండికి స్టాండు వేసి, దాని మీదే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

11 గంటల 18 నిమిషాలకు పెట్రోలింగ్ బండి వచ్చింది. ఎస్ఐ బండిలోనే ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు దిగారు. ఇంత రాత్రి ఇక్కడేం పని అన్నారు. “చాయ్ తాగుతున్న సార్” అన్నాడు. లైసెన్స్ చూపించమన్నారు.

కేసు తిరిగిన మలుపు ఇక్కడే ఉంది. ఇతని లైసెన్స్ డిజిలాకర్‌లో ఉంది. ఫోన్ తెరిచి, యాప్‌లో కార్డు తీసి, చూడమని ఫోన్ చేతికిచ్చాడు. కానిస్టేబుల్ కార్డు చూశాడు. బొటనవేలితో వెనక్కి జరిపి వాట్సాప్ తెరిచాడు. వెతికే గడిలో ‘గంజా’ అని కొట్టాడు. ఏమీ రాలేదు. ‘మాల్’ అని కొట్టాడు. వరసపెట్టి వచ్చాయి. “మాల్ వచ్చిందా?” “రేపు పొద్దుగాల మాల్ దిగుతది.” “ఎంత మాల్ కావాలె?” “రెండొందల పీసులు ఎయ్యి.”

జగదీశ్ మార్కెట్‌లోగానీ బేగంబజార్‌లోగానీ ఒక పూట నిలబడితే చాలు, ‘మాల్’ మాట లేకుండా ఒక్క బేరమూ నడవదని తెలుస్తుంది. మాల్ అంటే సరుకు. గంజాయి తాగే పిల్లలూ దాన్ని మాల్ అనే అంటారు, అదీ నిజమే. కుర్రాడు చెప్పుకున్నాడు. “కవర్లు సార్, ఫోన్ కవర్లు. మా సేటుకు ఫోన్ జేసి అడగుండ్రి.” ఆ సమయానికి సేటుకు ఎవరు ఫోన్ చేస్తారు? 11 గంటల 31 నిమిషాలకు బండెక్కించారు.

స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. వేళ్లు ఒక మెషిన్ మీద పెట్టించారు. ముఖం ఫోటో తీశారు. జేబులు వెతికారు, ఏమీ దొరకలేదు. 11 గంటల 52 నిమిషాలకు స్టేషన్ ల్యాండ్‌లైన్ నుంచి తండ్రికి ఫోన్ వెళ్లింది. ఆయన ఆటో వేసుకుని, ఆధార్ జిరాక్స్ పట్టుకుని వచ్చాడు. తెల్లవారుజామున 2 గంటల 40కి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించారు. ఫోన్, బండి అక్కడే ఉండిపోయాయి. చేతికి పెట్టీ కేసు (జరిమానాతో పోయే చిన్న కేసు) చీటీ వచ్చింది. రాత్రి 12 గంటల 10 నిమిషాలకు చౌరస్తాలో గట్టిగా అరుస్తూ దారిన పోయేవారికి ఇబ్బంది కలిగించాడని అందులో ఉంది.

సోమవారం పొద్దున ముగ్గురూ నా ఆఫీసుకు వచ్చారు. స్వేచ్ఛ గురించీ హక్కుల గురించీ ఎవరూ మాట్లాడలేదు. తల్లి ఒకటే మాట అంది: “ఫోన్ ఇప్పియ్యుండ్రి సార్, అది లేకుంటే వీనికి పని లేదు.”

ముందు నేను వేసుకున్న ప్రశ్న

ఇలాంటి కేసుల్లో కాగితం మీద ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: ‘అనుమానాస్పదంగా తిరుగుతుండగా’. ముప్పై పంచనామాలు తిరగేస్తే పాతికలో అదే మాట. ఏం చూసి అనుమానం వచ్చిందో ఉండదు. మనిషి ఎలా తిరిగాడో చెప్పే పదంలోనే అనుమానం ఇమిడిపోతుంది, దానికి వేరే ఆధారం అడగరు. అందుకని నేను క్లయింటును ఒకటే అడిగాను. అనుమానం ఎప్పుడు పుట్టింది? ఫోన్ చూడకముందా, చూశాకా?

చూశాక అయితే, చూసేటప్పటికి అనుమానం లేనట్టే. మరి ఏ అధికారంతో చూశారు? ఈ ఒక్క ప్రశ్న మీదే కేసంతా నిలబెట్టాలనుకున్నాను. కోర్టులో గెలిచింది మాత్రం దీని మీద కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

చట్టం ఎక్కడిదాకా వెళ్తుంది

పోలీసు ఎవరినైనా పలకరించవచ్చు. ఎక్కడికి, ఏం పని అని అడగొచ్చు. దానికి సెక్షన్ అక్కర్లేదు. జవాబు చెప్పకుండా ముందుకు సాగిపోవడానికీ సెక్షన్ అక్కర్లేదు. చిక్కంతా ఈ రెంటి మధ్య ఉంది. నడిచిపోతున్న మనిషిని ఏ కారణమూ లేకుండా నిలబెట్టి, ఒళ్లు తడిమి, ఫోన్ చూసే సాధారణ అధికారం మన చట్టంలో ఎక్కడా రాసి లేదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయాలంటే బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, దర్యాప్తు పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35వ సెక్షన్ ప్రకారం నేరం కళ్లముందు జరగాలి, లేదా తగిన ఫిర్యాదో, నమ్మదగిన సమాచారమో, సహేతుకమైన అనుమానమో ఉండాలి. పాత సీఆర్‌పీసీ 41లో ఉన్నదీ దాదాపు ఇదే. 2024 జులై 1 నుంచి అంకెలు మారాయి, మూలం మారలేదు.

పేరు చెప్పకపోతే లోపలేస్తాం అంటుంటారు. పేరు, చిరునామా చెప్పలేదని అరెస్టు చేసే అధికారం 39వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. కానీ అది పోలీసు ఎదుటే నాన్-కాగ్నిజబుల్ నేరం (మామూలుగా వారెంట్ లేకుండా అరెస్టు చేయకూడని నేరం) చేసినవాడికి, లేదా అలాంటి నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడికి. చాయ్ తాగేవాడికి వర్తించదు. దాక్కుని తిరిగేవాళ్ల మీద బైండోవర్‌కు, అంటే మంచి ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకోవడానికి, 128 ఉంది. ట్యూబ్‌లైటు కింద, నలుగురి మధ్య కూర్చున్నవాడు దాక్కున్నట్టు ఎలా అవుతుందో నాకైతే తెలియదు.

‘విచారణకు స్టేషన్‌కు రా’ అనాలంటే 179 ప్రకారం రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అదీ ఒక కేసు దర్యాప్తులో ఉన్నప్పుడు. అందులోనూ ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు పైబడిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను ఇంటి దగ్గరే అడగాలి. నిందితుడనుకున్నవాడికి 35(3) నోటీసు ఉంది. ఇవేవీ లేకుండా మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టడానికి చట్టంలో పేరే లేదు. పేరు పెట్టింది మన పత్రికలు. ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రోజూ చదువుతాం. అరెస్టా అంటే కాదు, స్వేచ్ఛగా ఉన్నాడా అంటే అదీ కాదు. తెలుగు జర్నలిజం చట్టానికి చేసిన చేర్పు అది. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో రాయాలని, సన్నిహితులకు తెలపాలని వరసగా షరతులు పెట్టింది. ‘అదుపు’ మాట వాడితే ఆ షరతులేవీ అంటవన్న ధీమా స్టేషన్లలో ఇప్పటికీ ఉంది. మనిషిని కదలనివ్వకపోతే అది అరెస్టే, దానికి ఏ పేరు పెట్టినా.

బీఎన్ఎస్ఎస్‌లో కొత్తగా వచ్చిన 172 గురించి కూడా చెప్పాలి. ఆ సెక్షన్ నేరాలను ముందుగా నివారించే అధ్యాయంలో ఉంది. పోలీసు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలకు జనం లోబడాలని, లోబడకపోతే నిర్బంధించి మెజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లవచ్చని, చిన్న విషయమైతే 24 గంటల్లోగా వదిలేయాలని ఉంది. దీన్ని ‘మేం చెప్పింది వినాల్సిందే’ అని చదివేవాళ్లు తయారయ్యారు. నా లెక్కలో ‘చట్టబద్ధమైన’ అన్న మాట అక్కడ అలంకారానికి పెట్టింది కాదు. ఫోన్ అన్‌లాక్ చెయ్యమనే అధికారం వేరే సెక్షన్‌లో లేనప్పుడు, 172 దాన్ని కొత్తగా పుట్టించదు. అయితే రోడ్డు మీద ఈ వాదన గెలుస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వను.

బండి మీద ఉన్నవాడి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవరు లైసెన్స్ చూపించాలి. అనుమానం అక్కర్లేదు. కాగితం రూపంలోనే ఉండాలని లేదు, ఫోన్లో చూపినా చెల్లుతుంది. తమాషా ఏమిటంటే, శ్వాస పరీక్షకు 203 ప్రకారం తాగి నడుపుతున్నాడని అనుమానించే సహేతుక కారణం ఉండాలి. శనివారం రాత్రి బారికేడ్లు పెట్టి వరసగా అందరి నోటికీ మెషిన్ పెట్టేటప్పుడు ఆ కారణం ఏదని నేనెక్కడా వాదించలేదు. వాదించాలని కూడా లేదు. తాగి నడిపిన బండ్ల కింద పోయినవాళ్ల కేసులూ చూసినవాణ్ణి కదా. ఇక మా కుర్రాడి బండి స్టాండు మీద ఉంది, చేతిలో చాయ్ గ్లాసు. ఆ క్షణాన అతను డ్రైవరేనా? వాదించవచ్చు. లైసెన్స్ ఉంది, చూపించాడు కూడా, కాబట్టి ఆ వాదన వల్ల వచ్చేదేమీ లేదని వదిలేశాను.

గంజాయి అనుమానమైతే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 43 ప్రకారం బహిరంగ స్థలంలో మనిషిని ఆపి వెతకవచ్చు. కానీ అక్కడా ‘నమ్మడానికి కారణం’ ఉండాలి. ఒంటి మీద వెతికేముందు, గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేటు ముందో వెతకమని కోరే హక్కుందని 50 ప్రకారం చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో 1999 బల్దేవ్ సింగ్ కేసు నుంచి ఎన్నో తీర్పులున్నాయి. మా కేసులో గంజాయి లేదు, ఎన్‌డీపీఎస్ కేసూ పెట్టలేదు.

ఫోన్ గురించి నేరుగా మన హైకోర్టు చెప్పిన తీర్పేదీ నా చేతిలో లేదు. 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు, మామూలు పరిస్థితుల్లో ఫోన్ వెతకాలంటే సెర్చ్ వారెంట్ కావాలంది. మనకు కట్టుబాటు కాదు, చూపించడానికి పనికొస్తుంది. 2017 పుట్టస్వామి తీర్పు తర్వాత గోప్యతలో పోలీసు జోక్యానికి ఒక చట్టం దన్ను ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం మోతాదు మించకూడదు. రోడ్డు మీద వాట్సాప్‌లో మాటలు వెతకడం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇది మా కుర్రాడితో మొదలైంది కాదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి ఫోన్లలో గంజాయి మాటలు వెతుకుతున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. ఎవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నది అప్పటి వివరణ. అంటే అంతా ‘సమ్మతి’ మీద నడుస్తోందన్నమాట. కాదనొచ్చని తెలియనివాడి సమ్మతి అది. అర్ధరాత్రి, ముగ్గురు యూనిఫాంల ముందు, లాఠీకి అడుగు దూరంలో ఇచ్చిన సమ్మతి.

మన వాళ్లు ఇంటికొకరు అమెరికాలో ఉంటారు కాబట్టి అక్కడి సంగతీ అడుగుతారు. అక్కడ 1968 టెరీ తీర్పు తర్వాత అరెస్టుకు చాలినంత కారణం లేకపోయినా, చెప్పగలిగిన నిర్దిష్ట అనుమానం ఉంటే కాసేపు ఆపవచ్చు, ఆయుధముందనిపిస్తే పైపైన తడమవచ్చు. అనుమానమే లేకుండా ఒక్కో కారూ ఆపడం కుదరదని 1979లో, తాగి నడిపేవారి కోసం బారికేడ్ పెట్టి అందర్నీ ఆపడం సరేనని 1990లో, మత్తుమందుల కోసం అదే పని చేస్తే కుదరదని 2000లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మనకు ఈ గీతలేవీ లేవు. గీత లేదు గనక అధికారమూ లేదని వకీలు చదువుతాడు. అడ్డూ లేదని రాత్రి డ్యూటీ కానిస్టేబుల్ చదువుతాడు.

పైగా అక్రమంగా దొరికిన సాక్ష్యాన్ని మన కోర్టులు పక్కన పెట్టేయవు. 1973 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన పూరణ్‌మల్ తీర్పు నుంచి, సంబంధం ఉన్న సాక్ష్యమైతే ఎలా దొరికినా చెల్లుతుంది. ఆ రాత్రి ఫోన్లో నిజంగానే గంజాయి బేరం ఉండి ఉంటే, తనిఖీ తప్పని నేనెంత అరిచినా కుర్రాడికి పెద్దగా ఒరిగేది లేదు. ఇది విన్నాక జూనియర్ల ముఖాలు వాడిపోతాయి. వాడిపోనివ్వండి, నిజం ముందే తెలియాలి.

ఏం చేశాం

మొదట ఫోన్. స్వాధీనం చేసుకున్న వస్తువు వివరం బీఎన్ఎస్ఎస్ 106 ప్రకారం మెజిస్ట్రేటుకు వెంటనే తెలపాలి. ఇక్కడ స్వాధీన పంచనామా లేదు, రసీదు లేదు. స్టేషన్‌కు వెళ్లి అడిగితే “ఏ ఫోను?” అనే ప్రమాదముంది. అందుకని వెళ్లలేదు. అదే చట్టం 503 కింద వస్తువు తాత్కాలికంగా అప్పగించమని కోర్టులో పిటిషన్ వేశాను. కవర్ రంగు, ఐఎంఈఐ నంబరు, పగిలిన మూలతో సహా రాశాను. పిటిషన్‌కు నంబరు పడిన రోజు సాయంత్రమే స్టేషన్ నుంచి తండ్రికి ఫోన్ వచ్చింది: “వచ్చి తీస్కపో.” బండీ ఇచ్చేశారు. వివరణ రాయాల్సి వస్తుందంటే వస్తువు దానంతటదే కదులుతుంది. పాతికసార్లు చూశాను.

రెండోది టీ కొట్టు కెమెరా. ఆ కొట్టుకు కెమెరా పెట్టించింది పోలీసులే. ‘నేను సైతం’ పేరుతో దుకాణాలు, కాలనీల చేత సీసీ కెమెరాలు పెట్టించిన కార్యక్రమం హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే. కొట్టాయన మూడు రోజులు తిప్పాడు. తప్పు పట్టను. రోజూ ఆ పెట్రోలింగ్ వాళ్లకే చాయ్ పోయాలి ఆయన. రికార్డు పది రోజులకు చెరిగిపోతుందని ఆయన కొడుకే మెల్లగా చెప్పాడు. ఆరో రోజు కాపీ చేసుకున్నాం. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63 ప్రకారం సర్టిఫికెట్ రెండు భాగాలు. ‘ఏ’ భాగం పరికరం చూసుకునేవాడు, ‘బీ’ భాగం నిపుణుడు సంతకం చేయాలి. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) రాయాలి. నిపుణుడికిచ్చిన ఫీజుతో ఆ పెట్టీ కేసు జరిమానా ఎన్నిసార్లు కట్టొచ్చో లెక్క వేస్తే కుర్రాడి తండ్రి నాతో మాట్లాడడం మానేసేవాడు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మూడోది నా పొరపాటు. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలుండాలని, రికార్డు 18 నెలలు, వీలుకాని చోట కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. ఆ ధైర్యంతో స్టేషన్ రికార్డు భద్రపరచమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి ఊరుకున్నాను. తర్వాత సమాచార హక్కు కింద అడిగితే, పాత దాని మీద కొత్తది రికార్డయిపోయిందని జవాబొచ్చింది. ఉత్తరంతో పాటు ఆ రోజే కోర్టులో దరఖాస్తు పడేసి ఉండాల్సింది. ఇప్పుడు మొదటి రోజే వేస్తున్నాను.

నాలుగోది చిన్నది. తండ్రి ఫోన్లో 11.52కి స్టేషన్ ల్యాండ్‌లైన్ నుంచి వచ్చిన కాల్. స్క్రీన్ ఫోటో తీయించి పెట్టుకున్నాను. చివరికి కేసును మోసింది ఇదే.

కోర్టులో

పెట్టీ కేసుల రోజు కోర్టు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వరసలో నిలబెడతారు, పేరు పిలుస్తారు, “ఒప్పుకుంటున్నావా?” “ఒప్పుకుంటున్న సార్.” కౌంటర్లో జరిమానా, ఇంటికి. కోర్టు కానిస్టేబుల్ మా వాడికీ అదే సలహా ఇచ్చాడు, మంచిగానే. “ఒప్పుకో తమ్మీ, పదినిమిషాల్ల అయిపోతది.” ఒప్పుకుంటే నిజంగానే పది నిమిషాలు. ఒప్పుకోకపోతే ఏడు నెలలు, ఆరు వాయిదాలు, ఆరు రోజుల కూలి. ఒప్పుకోవద్దని నేను ఒత్తిడి చేయలేదు. రెండు దారులూ చెప్పాను. “నేను లొల్లి జెయ్యలే గద సార్, చేసిన అని ఎందుకు రాసియ్యాలె?” అన్నాడు. అక్కడితో తేలింది.

కానిస్టేబుల్‌ను క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేసినప్పటి ముక్కలు నా నోట్సు నుంచి:

“లైసెన్స్ చూపించమంటేనే ఫోన్ ఇచ్చాడు, అవునా?” “అవును.”
“వాట్సాప్ చూడమని అతను చెప్పాడా?” “చెప్పలేదు.”
“కొట్టు దగ్గర ఇంకెంతమంది ఉన్నారు?” “ఐదారుగురు.”
“వాళ్ల ఫోన్లు చూశారా?” “లేదు.”
“ఇతనిదే ఎందుకు చూశారు?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత “జుట్టు చూసి సార్” అన్నాడు. పక్కన చెవుల మీద గీతలు కొట్టించి, పైన పెంచిన జుట్టు మా వాడిది. మెజిస్ట్రేటు తలెత్తి ఒకసారి చూసి మళ్లీ రాసుకోవడంలో పడ్డారు. ఆ జవాబు రికార్డులోకి ఎక్కలేదు. అడిగి ఎక్కించి ఉండాల్సింది, నోరు రాలేదు. ఆ కానిస్టేబుల్‌కు బహుశా పాతికేళ్లుంటాయి. రెండు షిఫ్టులు వరసగా చేసి వచ్చాడని కళ్లే చెబుతున్నాయి. ఆ రాత్రి పెట్టీ కేసులెన్ని రాశారని పైవాళ్లు అడుగుతారన్నది మాకిద్దరికీ తెలుసు.

వీడియో చూపించాం. 11.31కి కుర్రాడు బండెక్కాడు. 11.52కి మీ అబ్బాయి స్టేషన్లో ఉన్నాడని తండ్రికి ఫోన్. మరి 12.10కి చౌరస్తాలో అరిచిందెవరు? స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీలో ఎక్కడా మధ్యలో వదిలి మళ్లీ పట్టుకున్నట్టు లేదు. అంత రద్దీ చౌరస్తాలో ఇబ్బంది పడ్డ ఒక్క మనిషినైనా సాక్షిగా పెట్టలేదు. చోటు, సమయం రుజువు కాలేదని కేసు కొట్టేశారు. తీర్పు నాలుగు పేజీలు. అందులో ఫోన్ ప్రస్తావన ఒక్క వాక్యం కూడా లేదు, పుట్టస్వామి లేడు, అనుమానం ఎప్పుడు పుట్టిందన్న నా ప్రశ్నా లేదు. వాటి అవసరం కోర్టుకు రాలేదు, అంతే. నేను రాత్రి కూర్చుని రాసుకున్న పన్నెండు పేజీల వాదన ఫైల్లోనే ఉంది.

మిగిలిపోయింది

హక్కుల ఉల్లంఘన మీద పై కోర్టులో రిట్ పిటిషన్ వేసి పరిహారం అడగొచ్చు. 1983 రుదుల్ సా, 1993 నీలబతి బెహరా తీర్పులు ఆ దారి తెరిచిపెట్టాయి. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు. రెండూ చెప్పాను. “మల్ల అదే గల్లీల తిరగాలె సార్ నేను” అన్నాడు. తల్లి అప్పటికే లేచి నిలబడింది. ఇలాంటి చోట పెద్ద కేసు కావాలన్న ఆశ వకీలుకే ఎక్కువుంటుంది, ఒప్పుకుంటాను. ఫైలు మూసేశాను.

వేలిముద్రలు, ఫోటో సంగతి మాత్రం నేను వదల్లేదు. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం కొలతలు ఇవ్వాల్సింది శిక్షపడ్డవాళ్లు, బైండోవర్ అయినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు. కొలతలంటే వేలిముద్రలే కాదు, ఫోటో కూడా. ఆ రికార్డు 75 ఏళ్లు ఉంచుతారు. మా వాణ్ణి అరెస్టే చేయలేదని పోలీసులే అంటున్నారు. అరెస్టు కాకపోతే వేళ్లు ఎందుకు పెట్టించారు? అరెస్టయితే మెమో ఏది? రెంటిలో ఏది చెప్పినా ఇబ్బందే. తెలంగాణ పోలీసుల యాప్‌లో ముఖ గుర్తింపు 2018లోనే చేరింది. లాక్‌డౌన్‌లో ఆపి ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు నోటీసులిచ్చింది. అది చూపించి, ముద్రలు, ఫోటో తొలగించమని ఉన్నతాధికారికి రాశాను. జవాబు లేదు. గుర్తు చేస్తూ ఇంకోటి రాశాను.

క్లయింట్లకు ఇప్పుడు ఏం చెబుతున్నానంటే, లైసెన్స్ స్మార్ట్‌కార్డు జేబులో పెట్టుకోండి, ఫోన్ చేతికివ్వొద్దు. ఫోన్లోనే చూపించాల్సి వస్తే మీ చేతిలోనే పట్టుకుని చూపించండి. ఫోన్ అన్‌లాక్ చెయ్యమంటే “ఏ కేసులో సార్?” అని ఒకసారి మర్యాదగా అడగండి. అప్పటికీ లాక్కుంటే పెనుగులాడొద్దు. “నా ఇష్టంతో ఇవ్వడం లేదు సార్” అని పక్కవాళ్లకు వినపడేలా అని ఇవ్వండి, టైము గుర్తుపెట్టుకోండి. హక్కుంది కదా అని రాత్రి పదకొండింటికి నడిరోడ్డు మీద ముగ్గురు పోలీసులతో వాదానికి దిగమని కన్నకొడుక్కైనా చెప్పను. దీన్ని పిరికితనమన్న మిత్రులున్నారు. వాళ్లెవరూ క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేయరు.

మొన్న ఆ కుర్రాడు ఫోన్ కవర్ ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, డబ్బు తీసుకోనన్నాడు. పని ఎలా ఉందని అడిగాను. సేటు పిలగాండ్లందరికీ వార్నింగిచ్చాడట, వాట్సాప్‌లో ఎవరూ మాల్ అని రాయొద్దని. ఇప్పుడు ‘స్టాక్ వచ్చిందా’ అని రాసుకుంటున్నారు.